రెక్కలు ముడుచు విమానము – లిరాయ్ గ్రమ్మన్ జీవితము

పక్షి కొమ్మమీద వాలిన మఱుక్షణమే రెక్కలు ముడుచుకొనును. ఎగురవలసి వచ్చినపుడు అవి మఱల విచ్చుకొనును. విచ్చుకొన్న రెక్క నడిమింట కీలు వదలి వ్రేలాడునేమో యను భయము పక్షికి లేదు. ఎముక, కీలు, కండరము కలిసి ఆ పూచీని వహించుచున్నవి. మానవుడు పక్షిని చూచి విమానమును నిర్మించెను గాని, రెక్క ముడుచు విద్య మాత్రము అతనికి చాలకాలము వఱకు చక్కగా పట్టువడలేదు. లోహపు రెక్కను నడుమ కోసి మడతబందు బిగించుట అంత కష్టము కాదు. విప్పిన పిమ్మట అది కోత యెఱుగని రెక్కవలె నిలిచి, విమానభారము నంతటిని మోయునట్లు చేయుటయే కష్టము. ఈ చిక్కును విడదీసిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు విమానశిల్పి లిరాయ్ రాండల్ గ్రమ్మన్.

గ్రమ్మన్ 1895వ సంవత్సరము జనవరి 4వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని హంటింగ్టన్ అను ఊరిలో జన్మించెను. అట్లాంటిక్ సముద్రపు అంచున పొడవుగా పరచుకొనియున్న లాంగ్ ఐలాండ్ అను దీవిలో ఆ ఊరు కలదు. ఆతని తండ్రి గుఱ్ఱపుబండ్ల వ్యాపారము చేసి, తరువాత తపాలా శాఖలో ఉద్యోగము చేసెను. బండ్లతో పరిచయమున్న వారందఱు ఎఱిగిన చిన్న వస్తువొకటి కలదు. అది కడచీల. ఇరుసు కొనను గ్రుచ్చిన ఆ చిన్న చీల ఊడినచో ఎంత మంచి చక్రమైనను దారిలో జారిపోవును. చీలకు బండి బరువుతో పోల్చదగిన బరువు లేదు. కాని బండిలోనివారి ప్రాణములు దానిపై ఆధారపడియుండును. గ్రమ్మన్ జీవితములోని ముఖ్యకార్యమునకు ఈ కడచీలకంటె తగిన ఉపమానము దొరకదు.

రైట్ సోదరులు 1903 డిసెంబరులో మొదటిసారి ఎగిరినపుడు గ్రమ్మన్ ఎనిమిదేండ్ల బాలుడు. లాంగ్ ఐలాండ్‌లోని విశాలమైన మైదానములు త్వరలోనే విమానసాహసములకు రంగస్థలమైనవి. 1911లో పదునారేండ్ల ప్రాయమున ఉన్నత పాఠశాల చదువు ముగించి, తరగతిలో రెండవ స్థానము పొందిన విద్యార్థిగా సభలో ప్రసంగించినపుడు, విమానము పరిపూర్ణత నందుట ప్రకృతిపై మానవుడు సాధింపగల గొప్ప విజయములలో నొకటి యగునని అతడు చెప్పెను. పిమ్మట కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించి 1916లో పట్టము పొందెను. కొలదికాలము న్యూయార్కు టెలిఫోను సంస్థలో పనిచేసెను.

1917లో అమెరికా ప్రథమ ప్రపంచ సంగ్రామమున ప్రవేశింపగా గ్రమ్మన్ నౌకాదళములో చేరెను. 1918లో వైమానికుడై, ఇతరులకు విమానము నడపుట నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. ఆ తరువాత క్రొత్త విమానములను నడపి పరీక్షించు పని లభించెను. నౌకాదళమువారే ఆయనను మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు పంపి వైమానిక యంత్రశాస్త్రము చదివించిరి. ఈ విధముగా గీతలు గీచు విద్యయు, గీచిన దానిలో కూర్చుండి ఎగురు ధైర్యమును ఒక్క మనిషియందే సమకూరెను. తాను గీచిన గీత తప్పినచో చచ్చువాడెవడో ఆయనకు తెలియును. ఏలన తానే పెక్కుమార్లు ఆ స్థానమున కూర్చుండెను.

గ్రోవర్ లోనింగ్ అను ప్రసిద్ధ నిర్మాత కర్మాగారములో నౌకాదళమునకు విమానములు తయారగుచుండగా, వానిని పరిశీలించుటకు గ్రమ్మన్ నియుక్తుడయ్యెను. లోనింగ్ ఆతని పనితనమును గుర్తించి 1920లో తన సంస్థలోనికి తీసికొనెను. నేలమీదను, నీటిమీదను దిగగల ఉభయచర విమానములు ఆ సంస్థ ప్రత్యేకత. నీటిపై దిగునపుడు చక్రములు పైకి ముడుచుకొనవలెను. నేలపై దిగునపుడు క్రిందికి వచ్చి గట్టిగా నిలువవలెను. కదలవలసినది కదలుట, నిలువవలసినపుడు కదలకుండుట – ఈ రెండు విరుద్ధధర్మములను ఒకే వస్తువునందు కూర్చు విద్యను గ్రమ్మన్ అక్కడనే అలవఱచుకొనెను.

లోనింగ్ సంస్థ ఇతరుల హస్తగతమై పెన్సిల్వేనియాకు తరలిపోవు పరిస్థితి యేర్పడినపుడు, గ్రమ్మన్, ఆతని సహచరులు లియాన్ స్విర్‌బుల్, విలియం ష్వెండ్లర్ లాంగ్ ఐలాండ్‌ను విడచిపోవుటకు ఇష్టపడలేదు. గ్రమ్మన్ తన యింటిని తాకట్టు పెట్టెను. 1929 డిసెంబరులో సంస్థ యేర్పడెను. 1930 జనవరి 2వ తేదీన బాల్డ్విన్ అను చిన్న ఊరిలో, మోటారుబండ్ల నుంచు పాత కొట్టమొకటి అద్దెకు తీసికొని పని ప్రారంభించిరి. అది అమెరికాలో ఆర్థికమాంద్యము అడుగుపెట్టిన కాలము. విరిగిన విమానములను బాగుచేయుట, లారీలకు అల్యూమినియము పెట్టెలు కట్టుట మొదలైన చిల్లరపనులతో వారు పొట్టపోసికొనిరి. నీటివిమానములకు ముడుచుకొను చక్రములు గల తేలుపెట్టెలను చేసి నౌకాదళమునకు అమ్మిరి. నౌకాదళమువారు ఆ పనితనమును మెచ్చి, అట్టి చక్రములే యుద్ధవిమానమునకు అమర్చగలరా యని విచారించిరి. ఫలితముగా 1931 డిసెంబరు 29న ఎగిరిన ఎఫ్.ఎఫ్.-1, అమెరికా నౌకాదళమున ముడుచుకొను చక్రములు గల తొలి యుద్ధవిమానమయ్యెను.

1937 సెప్టెంబరులో వైల్డ్‌కాట్ అను విమానపు తొలి నమూనా ఎగిరెను. పొట్టిగా, బలిష్ఠముగా నుండు ఆ విమానమునకు చక్రములు ముడుచుటకు వైమానికుడు చేతిపిడిని సుమారు ముప్పది పర్యాయములు త్రిప్పవలసియుండెడిది. అందు సౌకర్యము తక్కువ, దిటవు ఎక్కువ. గ్రమ్మన్ విమానములు దెబ్బలకు తాళుకొని నిలుచుట చూచి వైమానికులు ఆ సంస్థను ఇనుప కర్మాగారమని ముద్దుగా పిలుచుకొనెడివారు.

అప్పటికి ప్రపంచము రెండవ మహాయుద్ధపు వాకిట నిలిచియుండెను. సముద్రముపై విమానముల నుంచుకొను విమానవాహక నౌకలకు ప్రాముఖ్యము పెరిగెను. ఎంత పెద్దదైనను నౌక నౌకయే. దానిపై స్థలము పరిమితము. వైల్డ్‌కాట్ రెక్కల యీ కొన నుండి ఆ కొన వఱకు 38 అడుగులు. ఆ రెక్కలు చాచుకొని నిలిచిన విమానములతో డెక్కును, దాని క్రింది విమానశాలయు త్వరలో నిండిపోవును. కావున రెక్కలు ముడువవలసిన అవసరము ఏర్పడెను.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ఇంగ్లండులో షార్ట్ సోదరులు 1913లోనే రెక్కలు వెనుకకు మడుచు నీటివిమానములకు హక్కుపత్రము పొందిరి. అవి కఱ్ఱయు గుడ్డయు కలిపి చేసిన తేలికరెక్కలు. లోహపు రెక్కల కాలము వచ్చిన పిమ్మట, పెక్కుమంది నిర్మాతలు రెక్కలను పైకెత్తి మడుచు పద్ధతి నవలంబించిరి. అందువలన అడ్డముగా స్థలము కలిసివచ్చినను, నిలువుగా ఎక్కువ స్థలము కావలసివచ్చెను. విమానశాల కప్పు అడ్డుతగులును. డెక్కుపై నిలువుగా లేచిన రెక్కలకు సముద్రపుగాలి తాకిడి యెక్కువ. రెక్క వెనుకకు పోవలెను, తోకప్రక్కన ఒదిగియుండవలెను, పైకి మాత్రము లేవరాదు. తిన్నగా వెనుకకు త్రిప్పుదమన్నచో పరపైన రెక్క తోక భాగములకు తగులును. ఇదియే గ్రమ్మన్ ముందు నిలిచిన ప్రశ్న.

ఆయన దానికి సమాధానమును గొప్ప యంత్రములతో వెదకలేదు. పటములు గీచు బల్లపై నుండు రబ్బరుముక్కను చేత పుచ్చుకొని, అది విమానపు మొండెమని భావించెను. కాగితములను పట్టియుంచు తీగ క్లిప్పులు రెండు తీసికొని, వాని కొనలను వంచి, రబ్బరునకు ఇరువైపుల గ్రుచ్చెను. అవి రెక్కలు. ఒక కోణమున గ్రుచ్చి త్రిప్పి చూచెను, కుదరలేదు. మఱియొక కోణమున గ్రుచ్చి త్రిప్పెను. ఇట్లు కోణము మార్చుచు పోగా, ఒకానొక ఏటవాలున గ్రుచ్చినపుడు క్లిప్పు మెలిదిరుగుచు వెనుకకు పోయి, రబ్బరుప్రక్కన నిలువుగా ఒదిగి నిలిచెను. చిక్కు విడిపోయెను.

ఇందలి రహస్యమును పాఠశాల విద్యార్థి యెవడైనను ఘనాకారపు దిమ్మె నొకదానిని తీసికొని పరీక్షింపవచ్చును. దిమ్మె యొక్క ఎదురెదురు మూలలను రెండింటిని వ్రేళ్ళతో పట్టుకొని, మూడవవంతు చుట్టు, అనగా 120 డిగ్రీలు త్రిప్పవలెను. మూలలను సరిగా ఎన్నుకొన్నచో కుడివైపు నుండిన ముఖము వెనుకకు పోవును. పైనుండిన ముఖము కుడివైపునకు వచ్చును. ముందు నుండిన ముఖము క్రిందికి దిగును. కుడి రెక్కకు జరుగునదియు ఇట్టిదే. ప్రక్కకు చాచిన రెక్క వెనుకకు తిరుగును, దాని ముందంచు నేలవైపు చూచును, పైతట్టు బయటివైపునకు వచ్చును. రెండు వేర్వేరు మలుపులతో జరుగవలసిన పనిని ఏటవాలుగా నిలిపిన ఒకే ఒక ఇరుసు ఒక్క మలుపులో నెఱవేర్చును. పక్షి రెక్క ముడుచు తీరునకు ఇది చాల దగ్గఱగా నుండుట గమనింపదగినది.

కాని క్లిప్పు రబ్బరులో ఒదిగినంత మాత్రమున విమానము ఎగురదు. ముడుచు కళ సగము. బిగించు కళ మిగిలిన సగము. విమానము ఎగురుచున్నపుడు గాలి రెక్కను పైకి నెట్టును. రెక్కలోని దూలము క్రిందివైపున సాగదీయబడును, పైవైపున నొక్కబడును. విమానము వేగముగా పైకి లేచునపుడును, పదునుగా మలుపు తిరుగునపుడును ఆ బలము విమానపు బరువునకు కొన్ని రెట్లగును. ఆ దూలమును సరిగా మొదటికి దగ్గఱనే కోసి అతికింపవలసివచ్చెను. మడతబందు త్రిప్పుట కేర్పడినదే గాని, ఇంత బలమును తానొక్కటియే మోయుటకు కాదు. అందువలన ఇట్టి రెక్కలలో కోత కిరువైపుల రంధ్రములు గల ఉక్కు చెవు లుండును. రెక్క విప్పినపుడు ఒకవైపు చెవి మఱియొకవైపు చెవుల నడుమ చేరి, రంధ్రములన్నియు ఒకే వరుసలో నిలుచును. అపుడు గట్టి ఉక్కుచీల వానిలోనుండి దూరిపోవును.

ఈ చీలలోని నేర్పు దాని దిశయందున్నది. గాలిబలము చీలకు అడ్డముగా పడునే గాని, దానిని పొడవునకు నెట్టదు. గొళ్ళెములో గడియ పడిన తలుపును ఎంత త్రోసినను గడియ వెనుకకు జారదు. అట్లే రెక్కపై ఎంత బలము పడినను చీల తెగవలెనే గాని బయటికి రాదు. తెగకుండుటకు తగిన లావు దానికుండును. ఇక మిగిలిన భయము ఎంజిను అదరుపాటు వలన చీల మెల్లగా జరుగునేమో యనునది. అందుకు ఆ చీలను కదలనీయని రెండవ గడియ కావలెను. మూడవ భయము మానవుని మతిమరపు. నౌకాదళ విమానములు కొన్నింటిలో గడియ పూర్తిగా పడువఱకు ఎఱ్ఱరంగు వేసిన గుర్తు రెక్కపై పొడుచుకొని కనబడుచుండెడిది. అది లోపలికి పోయిన పిమ్మటనే వైమానికుడు ఎగురుటకు సిద్ధపడవలెను. ఒక బలమునకు ఒక చీల, చీలకు ఒక కాపు, కాపునకు ఒక సాక్షి – ఇది ముడుచురెక్క నీతి.

1941 ఏప్రిలులో ముడుచురెక్కల వైల్డ్‌కాట్ నమూనా ఎగిరెను. దానిలో రెక్కలు ముడుచుటకు ద్రవపు ఒత్తిడితో పనిచేయు యంత్రముండెను. బరువు తగ్గించుటకై తరువాతి విమానములలో దానిని తీసివేసి, డెక్కుమీది సిబ్బంది చేతులతోనే రెక్కలు త్రిప్పునట్లు చేసిరి. 38 అడుగుల వెడల్పు 14 అడుగుల 4 అంగుళములకు తగ్గెను. నౌకపై 18 యుద్ధవిమానము లుండు దళము 27 విమానములకు పెరిగెను. 1942 జూనులో మిడ్‌వే దీవి వద్ద జరిగిన సముద్రయుద్ధమున అమెరికా నౌకలపై నుండినవి ఈ ముడుచురెక్కల విమానములే.

ఈ లాభము ఉచితముగా రాలేదు. మడతబందులు, చీలలు, వానితోపాటు నాలుగింటికి బదులు ఆరు తుపాకులు చేరుటచే విమానము బరువెక్కెను. అది మునుపటివలె చుఱుకుగా పైకి లేవదని, ఒక్కొక్క తుపాకికి గుండ్లు తగ్గినవని వైమానికులు మొఱపెట్టుకొనిరి. వారి మాట యథార్థము. తొమ్మిది విమానము లెక్కువగా నుండుట మేలా, ఒక్కొక్కటి తేలికగా నుండుట మేలా యను ప్రశ్నకు పటముపై సమాధానము దొరకదు. దానికి వెల ఆకాశమున చెల్లింపవలెను. గ్రమ్మన్ సంస్థ ఈ మొఱ నలక్ష్యము చేయలేదు. అప్పటికే నిర్మాణములో నుండిన హెల్‌కాట్ అను క్రొత్త విమానమునకు హెచ్చుబలము గల ఎంజినును, పెద్దరెక్కలను అమర్చిరి. ఏటవాలు ఇరుసును మాత్రము విడువలేదు. 1942 జూను 26న ఎగిరిన హెల్‌కాట్ తరువాత పసిఫిక్ మహాసముద్రముపై ప్రధాన నౌకాదళ యుద్ధవిమానమయ్యెను. మొత్తము 12,275 హెల్‌కాట్‌లు తయారైనవి. టార్పెడోలను మోయు అవెంజరు విమానమునకు కూడ అవే ముడుచురెక్క లుండెను. దానిలో వైమానికుడు తన ఆసనమునుండియే రెక్కలు ముడువగలిగెడివాడు.

యుద్ధకాలమున బెత్‌పేజి అను ఊరిలోని గ్రమ్మన్ కర్మాగారమున ఇరువదివేల మందికి పైగా పనిచేసిరి. 1945 మార్చి నెలలో నొక్కదానిలోనే 664 విమానములు అచటినుండి బయటికి వచ్చెను. పనివారిలో స్త్రీలు అనేకులు. వారి బిడ్డలకొఱకు శిశుసంరక్షణశాలలు నెలకొల్పబడెను. ఇంటిలో పొయ్యి ఆర్పివచ్చితిమో లేదో యని ఎవరైన కలతపడినచో, వెళ్ళి చూచివచ్చుటకు సంస్థ మనిషిని, బండిని నియమించెను. మనస్సు నిలుకడగా నున్నచోటనే చీల సరిగా బిగియును. స్విర్‌బుల్ పనివారి నడుమ తిరుగుచు అందఱిని పలుకరించెడివాడు. గ్రమ్మన్ బిడియస్తుడు, మితభాషి. సభలకును, పత్రికలకును దూరముగా నుండెడివాడు.

యుద్ధము ముగిసిన పిమ్మట, 1946లో, ఆయన సంస్థ అధ్యక్షపదవిని స్విర్‌బుల్‌నకు అప్పగించి, పాలకమండలి పెద్దగా మాత్రము కొనసాగెను. 1948లో డేనియల్ గగ్గెన్‌హైమ్ పతకము ఆయనకు లభించెను. 1960లో స్విర్‌బుల్ మరణించెను. ఈ కాలమున గ్రమ్మన్‌ను మఱియొక విపత్తు వెంటాడెను. న్యుమోనియాకు ఇచ్చిన పెనిసిలిన్ ఔషధము ఆయన దేహమునకు సరిపడక, కంటిచూపు క్రమముగా క్షీణించెను. పటములోని సన్నని గీతను చూచి దాని తప్పొప్పులను చెప్పగలిగిన కన్నులు ఆ విధముగా మసకబాఱెను. 1966లో ఆయన పదవీవిరమణ చేసెను.

ఆయన స్థాపించిన సంస్థయే చంద్రునిపై దిగు వాహనమును నిర్మించెను. 1969 జూలై 20న ఇద్దఱు మానవులను చంద్రతలమునకు చేర్చిన ఆ వాహనపు కాళ్ళు, భూమినుండి బయలుదేరునపుడు ముడిచియుండి, చంద్రుని సమీపమున చాచుకొని గడియపడి నిలిచినవి. బాల్డ్విన్ కొట్టములో తేలుపెట్టె చక్రములతో ప్రారంభమైన విద్య అంతదూరము ప్రయాణించెను. గ్రమ్మన్ 1982 అక్టోబరు 4వ తేదీన, తన 87 ఏండ్ల వయస్సున, లాంగ్ ఐలాండ్‌లోనే కన్నుమూసెను. 2006లో అమెరికా యాంత్రిక శిల్పుల సంఘము వైల్డ్‌కాట్ ముడుచురెక్కను చారిత్రక ప్రాధాన్యము గల యంత్రనిర్మాణముగా గుర్తించెను.

ఈ విద్య యుద్ధనౌకలతో ముగియలేదు. 2020 జనవరి 25న తొలిసారి ఎగిరిన బోయింగ్ 777-9 అను ప్రయాణికుల విమానమునకు రెక్కల వెడల్పు 71.75 మీటర్లు. వెడల్పైన రెక్కవలన ఇంధనము ఆదా యగును. కాని ఆ తరగతి విమానములు నిలుచు తావులు 65 మీటర్లకు లోబడినవి. అందుచే నేలపై నున్నపుడు రెక్కల కొనలు పైకి ముడుచుకొని వెడల్పు 64.85 మీటర్లకు తగ్గునట్లు చేసిరి. గ్రమ్మన్ ఏటవాలు ఇరుసు ఇందు లేదు. తిన్నని మడతబందే కలదు. కాని ప్రశ్న అదియే: విప్పిన కొన గడియపడెనా? 1960లో నేపుల్స్ నగరమున క్రుసేడర్ అను జెట్ యుద్ధవిమాన మొకటి రెక్కకొనలు ముడిచియుండగనే పైకెగిరి, అదృష్టవశమున క్షేమముగా దిగెను. వందలమంది ప్రయాణికులను అదృష్టమునకు వదలరాదు. కావుననే అమెరికా విమానయానాధికారులు 2018లో ఈ రెక్కకొనలకు ప్రత్యేక నిబంధనలు విధించిరి. కొనలు సరిగా విచ్చుకొని గడియపడనిచో వైమానికులకు ఒకటికంటె నెక్కువ విధముల హెచ్చరిక అందవలెను. అట్టి స్థితిలో విమానము ఎగురకుండ నిరోధింపబడవలెను. ఎగిరిన పిమ్మట గడియ ఊడరాదు. చీల, చీలకు కాపు, కాపునకు సాక్షి యను పాతనీతియే ఇందు క్రొత్తరూపమున కనబడుచున్నది.

విమానమును చూచువాడు దాని రెక్కలను చూచును, వేగమును మెచ్చుకొనును. రెక్క మొదట దాగియున్న చీల వాని కంటబడదు. గ్రమ్మన్ ఆ కంటబడని చోటును గూర్చి జీవితమంతయు శ్రద్ధ వహించెను. ఆయన చేతిలోని రబ్బరుముక్కయు, తీగ క్లిప్పులును ప్రతి పాఠశాల బల్లపైనను దొరకునవే. వానిని త్రిప్పి చూచు ఓపిక, తిరిగిన దానిని నమ్మకముగా నిలుపు బాధ్యత – ఈ రెండును మాత్రము ఎవరికి వారు సంపాదించుకొనవలసినవి.